ఇరిడియంలు పోయాయి, జీశాట్‌లు మెరుస్తున్నాయి

ప్రశ్న: పదేళ్ల కిందట యాప్ చెప్పిన నిమిషానికి ఇరిడియం అనే ఫోన్ ఉపగ్రహాలు తళుక్కున మెరిసేవి. ఇప్పుడు ఒక్కటీ లేదు. మామూలు డీఎస్‌ఎల్‌ఆర్, 50 ఎంఎం లెన్స్, ట్రైపాడ్‌తో తీయదగ్గ మెరుపులు ఇంకేమైనా ఉన్నాయా?

జవాబు: పాత ఇరిడియంలకు తలుపంతేసి యాంటెనా పలకలు మూడేసి ఉండేవి. అవి అద్దాల్లా ఎండను తిప్పికొట్టేవి, ఆ మెరుపు వాటిదే. 2017-19 మధ్య వచ్చిన కొత్తవాటికి అవి లేవు. పాతవాటిలో మిగిలిన కొన్ని అదుపు తప్పి దొర్లుతున్నాయి, ఎప్పుడు మెరుస్తాయో చెప్పలేం.

మీ సామగ్రికి చక్కగా సరిపోయేవి భూస్థిర ఉపగ్రహాలు, అంటే భూమితోపాటే తిరుగుతూ ఆకాశంలో ఒకేచోట నిలిచినట్టుండేవి. 36 వేల కి.మీ. దూరాన ఉంటాయి కాబట్టి మామూలుగా కంటికి ఆనవు. పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల దగ్గర మాత్రం వాటి సోలార్ ప్యానెళ్ల మీది ఎండ మనవైపు పడుతుంది. హైదరాబాద్ అక్షాంశానికి అది మార్చి 12, అక్టోబరు 1కి అటూ ఇటూ కొన్ని రోజులు. అక్టోబరులో మబ్బుల బెడద ఉంటుంది, మార్చినే నమ్ముకోండి.

మార్చిలో ఆ రోజుల్లో, 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీది జీశాట్‌లు (ఇస్రో భూస్థిర ఉపగ్రహాలు) రాత్రి 11.35 ప్రాంతంలో భూమి నీడలోకి వెళ్లి, 12.40కి బయటికొస్తాయి. 74 డిగ్రీలవి 36 నిమిషాలు ఆలస్యం. నీడకు కాస్త ముందూ, కాస్త తర్వాతా మెరుస్తాయి. 11 నుంచి 1.45 దాకా ఆపకుండా వరుసగా తీయండి. దక్షిణాన 70 డిగ్రీల ఎత్తుకు కెమెరా ఎత్తితే రెండు గుంపులూ ఒకే ఫ్రేములో పడతాయి. అంత ఎత్తులో ట్రైపాడ్ తల మెల్లగా జారుతుంది, బిగించి చూసుకోండి.

కెమెరా సెట్టింగులు: ఎఫ్ 2.8, ఐఎస్‌వో 1600, ఒక్కో ఫొటోకు 10 సెకన్లు. లైవ్ వ్యూలో ఒక నక్షత్రాన్ని పెద్దది చేసి ఫోకస్ కుదిర్చి, రింగుకు టేపు వేయండి. కెమెరాలో లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ (ఫొటోలోని మచ్చలను తీసేసే సదుపాయం) ఆపేయాలి. లేదంటే ప్రతి ఫొటో తర్వాత ఇంకో 10 సెకన్లు కెమెరా ఆగిపోతుంది, సగం మెరుపు పోతుంది. ఫొటోలు వెయ్యి దాకా అవుతాయి, రెండో బ్యాటరీ తప్పదు.

ప్రశ్న: ఇలా తీసినవన్నీ ఫొటోలను ఒకటిగా పేర్చే స్టార్‌స్టాక్స్ సాఫ్ట్‌వేర్‌లో కలిపాను. నక్షత్రాలు గీతలయ్యాయి, మధ్యలో కదలని చుక్కలు బోలెడు. అన్నీ ఉపగ్రహాలేనా?

జవాబు: చాలావరకు సెన్సర్‌లోని హాట్ పిక్సెళ్లు, అంటే వెలుతురు పడకున్నా వెలిగే చుక్కలు. అవీ కదలవు, అందుకే మోసపోతాం. లెన్సుకు మూత పెట్టి అవే సెట్టింగులతో ఓ పది ఫొటోలు తీయండి, వాటిలోనూ కనిపించే చుక్కలను కొట్టేయండి. ఉపగ్రహమైతే రెండు మూడు పిక్సెళ్ల మేర మెత్తగా పరుచుకుంటుంది, తూర్పు పడమరలుగా సాగే ఒకే వరుసలో ఉంటుంది. అసలు పరీక్ష విడివిడి ఫొటోల్లో ఉంది: కొన్ని నిమిషాలు వెలుగు పెరిగి, నీడ తాకగానే చుక్క ఆరిపోవాలి.