ప్లగ్ పెట్టకముందే విను

చిరంజీవి మేనల్లుడికి మావయ్య దీవించి రాసేది.

నువ్వు కొందామనుకుంటున్న ఎర్ర ఎలక్ట్రిక్ గిటార్ ఫోటోలు చూశాను. రంగు బాగుంది, కాదనను. కానీ అన్నీ బాడీ ఫోటోలే. నాకు కావలసింది మెడ, దాని మీద అడ్డంగా ఉండే ఫ్రెట్లనే లోహపు కడ్డీలు, మెడ వచ్చి బాడీలో కూర్చున్న చోటు. పనివాడి చెయ్యి తెలిసేది అక్కడే. పైగా సెకండ్ హ్యాండ్ అంటున్నావు. గిటార్ ఉన్న కోల్‌కతా బరంపురం నుంచి ఎంత, ఒక్క రాత్రి ప్రయాణం. వెళ్లి చేత్తో పట్టుకుని చూడు.

వెళ్లగానే యాంప్ ఆన్ చేసి చేతికిస్తారు. వద్దను. యాంపూ పెడలూ తగిలిస్తే ఏ గిటారైనా పెళ్లికూతురే. ముందు ఊరికే ఒక తీగ మీటి, బాడీకి చెవి ఆనించి విను. నాదం కాసేపు నిలబడాలి, మెడ పట్టుకున్న అరచేతికి కాస్త అదురు తెలియాలి. తర్వాత ప్రతి తీగనీ ప్రతి ఫ్రెట్ దగ్గరా నొక్కి మీటు. ఓపిక కావాలి, అమ్మేవాడు విసుక్కున్నా పట్టించుకోకు. ఎక్కడైనా స్వరం జరజరమన్నా, చటుక్కున చచ్చిపోయినా గుర్తు పెట్టుకో.

ఇప్పుడు మెడ అంచు వెంబడి వేలు జార్చు. ఫ్రెట్ కొనలు గుచ్చుకున్నాయా? గాలి పొడిబారితే చెక్క కుంచించుకుపోతుంది, లోహం అలాగే ఉంటుంది, అందుకే కొనలు బయటికొస్తాయి. అది సరిచేసుకోవచ్చు. కానీ మొదటి నుంచీ గరుగ్గా వదిలేసిన కొనలు వేరు. 22 ఫ్రెట్లకు రెండు వైపులా కలిపి 44 కొనలు, ఒక్కొక్కటీ ఆకురాయితో గుండ్రంగా అరగదీయాలి. ధర తగ్గించాలంటే ముందు ఎగ్గొట్టేది ఇలాంటి పనే. పాలిష్ మాత్రం ఎవరూ ఎగ్గొట్టరు, ఫోటోలో పడుతుంది కదా!

మామూలు తీగల సెట్టు మెడను సుమారు 45 కిలోల బలంతో లాగుతుంటుంది. దానికి ఎదురు నిలవడానికే లోపల ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీ. లావు తీగను మొదటి ఫ్రెట్ దగ్గరా, చివరి ఫ్రెట్ దగ్గరా ఒకేసారి నొక్కి, ఏడో ఎనిమిదో ఫ్రెట్ మీద చూడు. తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సన్నటి సందు కనబడాలి. ట్యూన్ చేస్తుంటే టిక్కుమంటే తీగ నట్ గాడిలో, అంటే మెడ పైకొసన తీగలు ఆనే చిన్న పట్టీ గాడిలో ఇరుక్కుంటోందన్నమాట. దానికి భయపడి గిటార్ వదులుకోకు. మంచి ఎముక నట్ వేయిస్తే పోతుంది. అది చెక్కే చేతుల కోసం దూరం వెళ్లక్కర్లేదు, కొమ్ము పనికి పేరుపడ్డ పర్లాకిమిడి ఉండనే ఉంది.

గిటార్ కంపెనీల్లో ఫెండరా, గిబ్సనా అని అడిగావు. ఫెండర్ కంపెనీ పెట్టిన లియో ఫెండర్ రేడియోలు బాగుచేసే మనిషి, గిటార్ వాయించడం రాదు. అందుకే కాబోలు, రిపేరువాడికి ఏది సుఖమో అదే చేశాడు. మెడను స్క్రూలతో బిగించాడు, పాడైతే విప్పి ఇంకోటి వేసుకోవచ్చు. 1954లో వచ్చిన వాళ్ల స్ట్రాటోకాస్టర్ గిటార్‌దీ అదే పద్ధతి. గిబ్సన్ వాళ్ల లెస్ పాల్ గిటార్ 1952లో వచ్చింది. మహాగని బాడీ, పైన మేపుల్ పలక, మెడను జిగురుతో అతికిస్తారు. బరువెక్కువ. తీగ పొడవు ఫెండర్‌లో 648 మిల్లీమీటర్లు, గిబ్సన్‌లో దానికన్నా రెండు సెంటీమీటర్లు తక్కువ. అందుకే గిబ్సన్‌లో తీగ మెత్తగా వంగుతుంది, ఫెండర్‌లో కాస్త బిగువు. ఏది గొప్ప అనే వాదన నా దగ్గర పెట్టకు. నాకు ఫెండర్ ఖంగుమనే మోతే ఇష్టం.

కానీ నువ్వు మెలోడీ పార్టీలో, స్టేజీ పాటల బృందంలో వాయించేవాడివి. బరంపురం ఠాకురాణి జాతర స్టేజీ సంగతి తెలిసిందే, సీరియల్ లైట్లు, జనరేటర్, ఎక్కడెక్కడివో వైర్లు. తీగ అదురును కరెంటుగా మార్చేది పికప్. ఒకే తీగచుట్ట ఉన్న సింగిల్ కాయిల్ పికప్ ఆ కరెంటు గోలంతా పట్టుకుని పాట సందుల్లో గుయ్యిమంటుంది. దానికి విరుగుడుగా గిబ్సన్ ఇంజనీరు సెత్ లవర్ రెండు కాయిళ్లను ఎదురెదురు దిశల్లో జతచేశాడు. ఒకదాని గోలను రెండోది కొట్టేస్తుంది, తీగ నాదం మిగులుతుంది. అదే హంబకర్. కాబట్టి బ్రిడ్జి దగ్గర, అంటే బాడీ మీద తీగలు ఆనే చోట, ఒక హంబకర్ ఉన్న గిటార్ చూసుకో, పేరు ఏదైనా సరే.

ఫ్రెట్లు బిగించిన ఫింగర్‌బోర్డు పలక రోజ్‌వుడ్ అన్నారంటే సంతోషించు. ప్రపంచంలో ఎన్నో మంచి గిటార్లకు వెళ్లేది మన దేశపు రోజ్‌వుడ్డే. అదే మన ఇరుగుడు. ఆరిపోయినట్టు తెల్లబడితే ఏడాదికోసారి రెండు చుక్కల నూనె చాలు. గోపాలపూర్ వైపు ప్రోగ్రాం అయితే మాత్రం ఉప్పుగాలికి తీగలు తుప్పుపడతాయి, దిగగానే పొడిగుడ్డతో తుడిచి కేసులో పెట్టు.

ఆ ఎర్ర గిటార్ ఓనరుని అడిగి మెడ కీలు దగ్గర రెండు వైపుల నుంచీ ఫోటోలు తెప్పించు. ట్రస్ రాడ్‌ను బిగించే నట్ తిరుగుతోందో, పట్టేసిందో కూడా కనుక్కో. పట్టేసిందంటే బేరం ఆడకు, టికెట్ కూడా తీసుకోకు.

మీ మావయ్య