పడదు వేరు, పగ వేరు

ప్రశ్న: మా పాపకు తొమ్మిదేళ్లు. ఫోన్ లాక్కుంటే ‘ఐ హేట్ యూ అమ్మా’ అని అరుస్తుంది. ఉప్మా అన్నా, లెక్కల టీచరన్నా, అమ్మమ్మ వాళ్ల ఊరన్నా అదే మాట. మాన్పించాలా?
– ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, మాట మాన్పించకండి, దాని బదులు వాడుకోవడానికి మాటలివ్వండి. ఆ ఒక్క ఇంగ్లిష్ మాట చేసే పనికి మనకు ఎన్ని మాటలున్నాయో చూడండి. ఉప్మా నచ్చదు. వంకాయ పడదు, తింటే దురద. లెక్కలంటే భయం. అమ్మమ్మ ఊళ్లో తోచదు. ఫోన్ లాక్కుంటే వచ్చేది ఉక్రోషం, అంటే ఏమీ చేయలేని కోపం. ఇవేవీ ద్వేషం కావు.

అరిచినప్పుడు ‘నీకోసం ఇంత చేస్తే’ అని మొదలుపెట్టకండి. గొంతు తగ్గించి, ‘ఫోన్ తీసుకున్నానని ఉక్రోషంగా ఉందా?’ అని ఒక్కసారే అడగండి. ఫోన్ మాత్రం తిరిగి ఇవ్వకండి. ఆ మాటకు ఫోన్ వస్తుందని తెలిస్తే రేపు మళ్లీ అదే వాడుతుంది.

లెక్కల టీచర్ సంగతి వేరు, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. పాప చల్లబడ్డాక ‘టీచర్ ఏం చేసినప్పుడు?’ అని అడగండి. ‘ఎందుకు?’ అంటే పిల్లలు ‘ఊరికే’ అంటారు, ‘ఏం చేసినప్పుడు?’ అంటే జరిగింది చెప్తారు. అందరి ముందు బోర్డు దగ్గర నిలబెట్టారంటే అది అవమానం, బడికెళ్లి మాట్లాడాలి. ఒక మనిషి పేరెత్తగానే దగ్గరికి పోనని మొండికేసినా, బడి రోజుల్లోనే కడుపునొప్పి వస్తున్నా ఒంటరిగా కూర్చోబెట్టుకుని, నవ్వకుండా వినండి. ‘పెద్దవాళ్లను అలా అనకూడదు’ అని నోరు మూయిస్తే, పిల్లలు చెప్పి తీరాల్సిన విషయం కూడా లోపలే ఉండిపోతుంది.

ప్రశ్న: ఆస్తి పంపకాల దగ్గర మా అన్నతో చెడింది. ఆరేళ్లుగా మాటల్లేవు. ఆయన పేరు వింటే ఒళ్లు మండుతుంది. ఇది కోపమా, ద్వేషమా?
– మల్కాజిగిరి పాఠకుడు

జవాబు: ఈ రెంటినీ ప్రాచీన గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ చక్కగా విడదీశాడు. కోపం కాలంతో చల్లారుతుంది, ద్వేషం చల్లారదు. కోపమొచ్చినవాడు ఎదుటివాడికి కూడా నొప్పి తెలియాలనుకుంటాడు. ద్వేషించేవాడు ఎదుటివాడు లేకుండా పోవాలనుకుంటాడు. మీ అన్నగారు వచ్చి ‘తప్పు నాదే’ అంటే మీ లోపల ఏదైనా సడలుతుందా? సడలితే అది కోపమే, ఎంత పాతదైనా సరే. ‘అదీ నటనే’ అనిపించినా, వాళ్ల పిల్లల మార్కులు తగ్గాయంటే సంతోషం వేసినా, గీత దాటారనే అర్థం.

యోగసూత్రాల్లో పతంజలి చెప్పిన ఐదు క్లేశాల్లో, అంటే మనసును పీడించేవాటిలో, ద్వేషం నాలుగోది. అనుభవించిన దుఃఖాన్ని అంటిపెట్టుకుని ఉండేది అని దానికి అర్థం చెప్పాడు. ఆ దుఃఖాన్ని ప్రతి పెళ్లిలో, ప్రతి విందులో మళ్లీ చెప్పుకోవడమే దానికి మేత. నమ్మకమైన ఒక్క మనిషికే చెప్పుకోండి.

ఒక కాగితం మధ్యలో గీత గీయండి. ఎడమవైపు జరిగింది రాయండి: ఏ తేదీ, ఏ దస్తావేజు, ఎంత సొమ్ము. కుడివైపు మీరు తేల్చుకున్నది రాయండి: ‘మొదట్నుంచీ మోసగాడే’ లాంటివి. చాలామంది రెండోదాన్ని మొదటి వైపు రాసేస్తారు, చిక్కంతా అక్కడే. ఎడమవైపుది వకీలుకో లోక్ అదాలత్‌కో తీసుకెళ్లొచ్చు. కుడివైపుదానికి ఏ కోర్టూ లేదు. క్షమించి తీరాలని మేం అనం, దావా నడుపుతూనే ద్వేషం వదులుకోవచ్చు. నిద్ర పట్టకపోయినా, ఎవరికైనా హాని చేయాలనే ఆలోచన వచ్చినా మానసిక సమస్యలకు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, ఏ వేళలోనైనా పలుకుతారు. ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు కూడా వెళ్లొచ్చు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ‘వాళ్లంతే’, ‘వాళ్లకు ఫ్లాట్ ఇవ్వొద్దు’ అని పెట్టి కింద నవ్వే బొమ్మలు పెడతారు. ద్వేషం అన్న మాట ఎవరూ అనరు. నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానా?
– మియాపూర్

జవాబు: లేదు, మీరు సరిగ్గానే విన్నారు. ఉప్మాను ద్వేషిస్తున్నామని చెప్పేవాళ్లు కూడా మనుషుల దగ్గరికొచ్చేసరికి ఆ మాట వాడరు, ‘వాళ్లు’ అంటారు. గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వవేత్త 1954లో దీన్ని మెట్లుగా చూపించాడు: చెడుగా మాట్లాడటం, దూరం పెట్టడం, హక్కు ఇవ్వకపోవడం, దాడి, చివరికి తుడిచిపెట్టడం. ‘ఫ్లాట్ ఇవ్వొద్దు’ అన్న మాట అమలైతే మూడో మెట్టు ఎక్కినట్టే.

గ్రూపులో ఉపన్యాసమిస్తే వాళ్లంతా ఒక్కటవుతారు. పెట్టినవారికి విడిగా ఫోన్ చేసి ‘ఏ ఫ్లాట్? ఎప్పుడు? ఏం జరిగింది?’ అని ఏకవచనంలోకి దింపండి. నీటి బిల్లు బాకీనో పార్కింగ్ గొడవో అని తేలితే ఫ్లాట్ నంబరుతో కమిటీకి రాయించండి. మతం, కులం, భాష పేరుతో వైరం రెచ్చగొడితే మాత్రం 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు పడవచ్చు. తేదీ, సమయం, నంబరు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పోలీస్ స్టేషన్‌లో ఇవ్వండి. ఖండించడానికైనా సరే, దాన్ని ఇంకో గ్రూపుకు పంపకండి.