ఆదిలాబాద్ డోక్రా ఇత్తడి బొమ్మలు ఏ రెండూ అచ్చం ఒకేలా ఎందుకు ఉండవు?

ప్రతి బొమ్మకూ అచ్చు కొత్తగా చేయవలసి రావడమే అందుకు కారణం. ముందుగా మట్టితో లోపలి ఆకారాన్ని చేసి ఆరబెడతారు. గుగ్గిలం కలిపిన తేనెమైనాన్ని సన్నని దారాల్లా సాగదీసి, ఆ మట్టి చుట్టూ ఒకదాని పక్కన ఒకటి ఒత్తుగా చుడతారు. బొమ్మ ఒంటిపై మనకు కనిపించే గీతలు ఈ మైనపు దారాల జాడలే. దానిపై మెత్తటి మట్టిని పూసి, మీద మరింత ముతక మట్టిని పట్టించి కాలిస్తే మైనం కరిగిపోతుంది, ఖాళీ అయిన ఆ సన్నని సందులోకి కరిగిన ఇత్తడి చేరుతుంది. చల్లారాక పైమట్టిని పగలగొట్టి బొమ్మను తీయాలి కాబట్టి ఆ అచ్చు మళ్లీ పనికిరాదు.

మైనం కరిగించి పోత పోసే ఈ పద్ధతి మొహెంజొదారో నర్తకి కంచు విగ్రహంలోనూ కనిపిస్తుంది.

జైనూర్ మండలం ఉషేగాం వంటి ఊళ్లలోని ఓజ కళాకారులు తరతరాలుగా గోండుల దేవతా ప్రతిమలను, పూజల్లో వాడే గంటలను, నగలను పోతపోస్తున్నారు. అందువల్ల వీటిని కేవలం అలంకరణ వస్తువులుగా చూడడం అన్యాయమని నా అభిప్రాయం. గోండుల ఆరాధనకూ ఓజల జీవనానికీ ఉన్న ముడి వాటిలోనే ఉంది. 2018లో ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు లభించింది. కొనేటప్పుడు గీతల్లో చిన్న తేడాలుంటే లోపమనుకోకండి, అవి చేతిపని గుర్తులు.