సొరోరిటీ ఫీజు కట్టాలా? ముందు అమ్మాయి ఎక్కడ స్థిరపడుతుందో అడగండి

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. మా అమ్మాయి ఆగస్టులో అలబామా యూనివర్సిటీలో చేరుతోంది. సొరోరిటీలో, అంటే కాలేజీ అమ్మాయిల సభ్యత్వ సంఘంలో, చేరతానంటోంది. సెమిస్టర్‌కు 4 వేల డాలర్ల దాకా అవుతుందట. పరిచయాలు ఉద్యోగానికి పనికొస్తాయని వాదన. చదువయ్యాక సియాటిల్ వెళ్లాలని ఉందట. చదువు కోసం దాచిన 529 ఖాతాలోంచి కట్టొచ్చా?

జవాబు: చివరి ప్రశ్నకే ముందు జవాబిస్తాను: వద్దు. సభ్యత్వ రుసుము చదువు ఖర్చు కింద చెల్లదు. అందుకోసం డబ్బు తీస్తే అందులోని లాభం మీద ఆదాయపు పన్ను, ఆపైన 10 శాతం పెనాల్టీ పడతాయి. తర్వాత సొరోరిటీ భవనంలోనే ఉంటే మాత్రం గది, భోజనం ఖర్చుకు యూనివర్సిటీ లెక్కగట్టిన పరిమితి దాకా తీసుకోవచ్చు. బిల్లు విడగొట్టి ఇమ్మని అడగండి. రుసుములో భోజనం కలిసే ఉంటే మీల్ ప్లాన్‌కు రెండుసార్లు కడుతున్నారేమో కూడా చూసుకోండి.

ఇక పరిచయాల సంగతి. మీ అమ్మాయి చెప్పింది అబద్ధం కాదు, కానీ అది ఊరిని బట్టి ఉంటుంది. దక్షిణాది రాష్ట్రాల్లో సొరోరిటీ ఇంటిపేరులా అమ్మమ్మ నుంచి మనవరాలి దాకా వస్తుంది. చేరే పిల్లకు పాత సభ్యురాళ్లు సిఫార్సు ఉత్తరాలు రాయడం అక్కడ పాత ఆనవాయితీ. వాళ్ల పట్టు ఎంతంటే, అలబామాలోనే ఒక నల్లజాతి అమ్మాయిని విద్యార్థినులు తీసుకుంటామన్నా పాత సభ్యురాళ్లు అడ్డుపడ్డారని 2013లో విద్యార్థి పత్రిక క్రిమ్సన్ వైట్ బయటపెట్టింది. ఆ గొడవ తర్వాతే నల్లజాతి అమ్మాయిలకు తలుపులు బాగా తెరుచుకున్నాయి. బర్మింగ్‌హామ్‌లోనో, అట్లాంటాలోనో స్థిరపడేవాళ్లకు ఈ పరిచయాల వల నిజంగా ఆస్తే.

మిగతా చోట్ల ఆ పరపతి ఉండదు. ఈశాన్యంలోని కోల్బీ కాలేజీ 1984లో ఈ సంఘాలన్నిటినీ ఎత్తేసింది. పడమటి తీరంలో స్టాన్‌ఫర్డ్ 1944లో సొరోరిటీలను నిషేధించి, మళ్లీ 1977లో గానీ అనుమతించలేదు. సియాటిల్‌లో సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూ చేసేవాళ్లు మీ అమ్మాయి సొరోరిటీ పేరులోని గ్రీకు అక్షరాలు అడుగుతారని నేననుకోను.

ఎనిమిది సెమిస్టర్లకు 32 వేలు. దాన్ని ఉద్యోగానికి పెట్టుబడిగా చూస్తే నాకు నచ్చలేదు. స్నేహాలకూ సరదాకూ పెట్టే ఖర్చనుకుంటే, జీతంలోంచి భరించగలిగితే, తప్పేం లేదు. మన పిల్లలకు ఇంకో దారీ ఉంది: 1998లో హ్యూస్టన్‌లో మొదలైన డెల్టా ఫై ఒమేగా, అదే ఏడాది ఆస్టిన్‌లో పుట్టిన కప్పా ఫై గామా దక్షిణాసియా అమ్మాయిల సొరోరిటీలే. వీటికి సాధారణంగా పెద్ద భవనాలుండవు, ఖర్చూ ఆ మేరకు తగ్గుతుంది. ఆ క్యాంపస్‌లో వీటి శాఖ ఉందేమో కనుక్కోమనండి.

ప్రస్తుతానికి ఒక్క ఏడాదికే 8 వేలు పక్కన పెట్టండి. రెండో ఏడాది భవనంలో ఉండే ఒప్పందం వస్తే, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో చదవకుండా సంతకం పెట్టనివ్వకండి.