నాలుగో నాళం వదలకు

అమ్మలూ,

వచ్చే వారం మొదటిసారి నీ చేత్తోనే ఎన్యూరిజం కాయిలింగ్ (మెదడు ధమని బుడగలా ఉబ్బిన చోటుని సన్నటి తీగచుట్టలతో పూడ్చడం) చేస్తున్నావని మీ అమ్మ పెదవాల్తేరంతా చెప్పుకొస్తోందట. చెప్పుకోనీ, నాకూ గర్వంగానే ఉంది. కానీ నువ్వు పంపిన సీటీ యాంజియో రిపోర్టులో "కెరోటిడ్ మీద ఎన్యూరిజం, బేసిలార్ సన్నం" అని ఉంది చూడు (కెరోటిడ్ మెడ ముందు నుంచి మెదడుకెక్కే ధమని, బేసిలార్ మెదడు వెనక భాగానికి రక్తమిచ్చేది), ఆ రెండో ముక్క దగ్గరే నా మనసు ఆగిపోయింది.

ఫ్లష్ లైన్లలో (సెలైన్ పోయే గొట్టాల్లో) గాలి ఉండకూడదు. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇచ్చాక ఏసీటీ (గడ్డకట్టడానికి పట్టే సమయం) 250–300 సెకన్లు. పగిలిన కేసైతే నిమోడిపిన్ మందు 60 మిల్లీగ్రాములు, నాలుగు గంటలకోసారి, 21 రోజులు. ఇవి నీకు నేను చెప్పాలా?

చెప్పాల్సింది ఒక పాత తప్పు గురించి. మెదడుకెళ్ళే నాలుగు నాళాలూ (రెండు కెరోటిడ్‌లు, మెడ వెనక నుంచి ఎక్కి బేసిలార్‌గా కలిసే రెండు వర్టిబ్రల్‌లు) చూడకుండా, ఎన్యూరిజం కనపడగానే యాంజియో అయిపోయిందనుకోవడం. మన వైపు దానికి సాకు కూడా సిద్ధంగా ఉంటుంది: ఉద్దానం మనిషి, క్రియాటినిన్ ఎక్కువ, అంటే కిడ్నీలు బలహీనం, కాంట్రాస్ట్ (నాళాలు కనపడేందుకు ఎక్కించే మందు) మిగులుద్దాం, వర్టిబ్రల్ వదిలేద్దాం. మిగల్చాలంటే కాంట్రాస్ట్ పలచన చెయ్యి, త్రీడీ రన్ (కాంట్రాస్ట్ ఎక్కిస్తూ తీసే బొమ్మల వరుస) ఒక్క నాళానికే తియ్యి. నాళాన్ని మాత్రం మానకు.

ఎందుకంటే, గర్భంలోనే మూసుకుపోవాల్సిన ట్రైజెమినల్ ధమని కొందరిలో మిగిలిపోతుంది, వెయ్యిమందిలో ఒకరి నుంచి ఆరుగురి దాకా. కెరోటిడ్ కావర్నస్ సైనస్ (కంటి వెనక ఉండే సిరల గది) గుండా వెళ్ళే చోట పుట్టి, వెనక్కి వెళ్ళి బేసిలార్‌లో కలుస్తుంది. 1959లో సాల్ట్జ్‌మన్ వర్ణించిన మొదటి రకంలో పై బేసిలార్‌ని పోషించేది ఇదే. కింది బేసిలార్ సన్నగా ఉంటుంది, పీకామ్ (కెరోటిడ్‌నీ వెనక నాళాలనీ కలిపే చిన్న ధమని) కనపడదు. వర్టిబ్రల్ రన్ ఒక్కటే చూసినవాడు స్టెనోసిస్ (జబ్బుతో నాళం ఇరుకవడం) అని రాస్తాడు, కెరోటిడ్ ఒక్కటే చూసినవాడు ఏదో పీకామ్ అనుకుంటాడు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు, సగం చూశారంతే. రెండు రన్‌లూ పక్కపక్కన పెట్టు. ఎన్యూరిజం సరిగ్గా ఆ ధమని మొదట్లో ఉండి, దాని మెడ (ధమనికి అంటుకున్న మూతి) వెడల్పై, కాయిల్ ఆ ధమనిలోకి జారిందనుకో, పోయేది బ్రెయిన్‌స్టెమ్. ధమనినే మూయాల్సి వస్తే ముందు మనిషి మెలకువగా ఉండగా దాని నోటికి అడ్డంగా బెలూన్ ఉబ్బించి, వర్టిబ్రల్ రక్తం పైదాకా ఎక్కుతోందో లేదో చూడాలి. అక్కడి ఎన్యూరిజం పగిలితే రక్తం కావర్నస్ సైనస్‌లోకే పోవచ్చు. అప్పుడు ఎర్రబడి ఉబ్బిన కన్నూ, చెవిలో హోరూ కనిపిస్తాయి. కంటి డాక్టరు దగ్గరే వారం గడిచిపోతుంది.

మరో రెండు మాటలు. కెరోటిడ్ అసలు నిండకపోతే బ్లాక్ అని రాసెయ్యకు. సీటీ బోన్ విండోలో (ఎముకలు స్పష్టంగా కనపడే బొమ్మల్లో) కెరోటిడ్ కెనాల్ వెతుకు. ఎముకలో ఆ దారే లేదంటే నాళం పుట్టుకతోనే లేదు, ఆ వైపు భారమంతా అవతలి వైపు నుంచి ఏకామ్ (ముందు భాగంలో రెండు వైపులనీ కలిపే చిన్న ధమని) మోస్తోంది, ఎన్యూరిజం అక్కడ పుట్టడం వింత కాదు. మెదడు ముందు భాగానికి వెళ్ళే రెండు ఏ2 ధమనులూ కలిసి ఒకే కాండమైతే అక్కడ ఒక్క రక్తపు గడ్డ చాలు, కాళ్ళు రెండూ పడిపోతాయి, మాట కూడా పోవచ్చు.

నీకు తొందరెక్కువ, చేతి నేర్పూ ఎక్కువే. రెండోది ఉంది కదా అని మొదటిదానికి పగ్గాలు వదిలెయ్యకు. టిఫిన్ తిని వెళ్ళు, లెడ్ ఏప్రన్ కింద ఖాళీ కడుపుతో నిలబడితే కళ్ళు తిరుగుతాయి. నాలుగు రన్‌లూ అయ్యాక, మైక్రోకాథెటర్ (కాయిల్ పంపే సన్నటి గొట్టం) ముట్టుకోకముందే, పేషెంటు పేరు తీసేసి బొమ్మలు నాకు పంపు. వర్టిబ్రల్‌ది ముందు.

మీ పెదనాన్న