నాలుగు లాడ్జిల ఫోన్లు కలపాలంటే ముందు నంబర్లు తేల్చుకోండి

ప్రశ్న: సార్ నమస్తే. మాకు తిరుపతిలో మూడు లాడ్జిలున్నాయి, లీలామహల్ సర్కిల్ దగ్గరొకటి, రేణిగుంట రోడ్డులో ఒకటి, తిరుచానూరులో ఒకటి. నాలుగోది చిత్తూరు బస్టాండు దగ్గర. అన్నిట్లోనూ పాత ఎక్స్ఛేంజీలే, గదికో ఫోను. ఒకచోట గదులు నిండితే ఇంకోచోట ఖాళీ ఉందా అని అడగడానికి రిసెప్షన్ పిల్లోళ్ళు సొంత సెల్లు లోంచి చేసుకుంటున్నారు. ఒకాయన వచ్చి చూసి, పాతవన్నీ పీకేసి లీలామహల్ దాంట్లో ఒకే సర్వర్ పెడతాం, నాలుగు చోట్ల ఫోన్లూ దానిమీదే నడుస్తాయి అన్నాడు. పెట్టించొచ్చా?
— ఒక లాడ్జి మేనేజరు, తిరుపతి

జవాబు: పెట్టించొచ్చు, కానీ మీకైతే వద్దనే చెప్తాను. తిరుచానూరులో రాత్రి పదకొండింటికి ఒక పెద్దావిడ 9 నొక్కి "నాయనా, కాసిన్ని వేన్నీళ్ళు పంపిస్తావా" అని అడగాలంటే, ఆ ఫోను కింద అంతస్తులోని రిసెప్షన్లో మోగడానికి కూడా లీలామహల్ సర్వర్ ఒప్పుకోవాలి. మధ్యలో ఎక్కడో కాలవ కోసం జేసీబీతో తవ్వి ఫైబర్ తెంపారనుకోండి, ఆ పూటంతా ఆ లాడ్జిలో గదికీ గదికీ మధ్య కూడా ఫోను పోదు. అందుకే నాలుగు చోట్లా నాలుగు చిన్న ఐపీ ఎక్స్ఛేంజీలు (నెట్ కేబుళ్ళ మీద నడిచేవి) పెట్టండి, ఎవరి గదులు వాళ్ళ దానిమీదే, బయటి లైన్లూ ఎవరివి వాళ్ళవే, వాటి మధ్య సిప్ ట్రంకులు (నెట్ మీదుగా కాల్స్ మోసే లింకులు) వేసి కలపండి. లింకు తెగితే ఆగేది బ్రాంచికీ బ్రాంచికీ మధ్య మాటలు మాత్రమే. ఒక్కోదాన్ని మిగతా మూడింటితో నేరుగా కలిపితే మొత్తం 6 లింకులు, అది సులభంగా చూసుకోవచ్చు. పది బ్రాంచీలైతే 45 అవుతాయి, అప్పుడు మధ్యలో ఒక పెద్దది, దానికి స్టాండ్‌బై ఇంకోటి పెట్టుకోవాల్సొస్తుంది, మీకిప్పుడు ఆ అవసరం లేదు.

మిషన్లు కొనకముందే ఒక తెల్లకాగితం తీసుకుని నంబర్లు రాయండి, సగం పని అక్కడే ఉంది. నాలుగు లాడ్జిల్లోనూ 101 గది ఉంటుంది కదా, కలిపేశాక 101 నొక్కితే ఎవరికి మోగాలి? పైగా బయట 101 అంటే ఫైరింజన్. అందుకని గది నంబరు ముందు బ్రాంచి అంకె పెట్టండి: లీలామహల్ 2, రేణిగుంట రోడ్డు 3, తిరుచానూరు 4, చిత్తూరు 5. అప్పుడు తిరుచానూరు 101 గది 4101 అవుతుంది, చిత్తూరు 305 గది 5305. 6, 7, 8 రేపు కొత్త బ్రాంచి వస్తే ఉంటాయి. 0 బయటి లైనుకి, 9 రిసెప్షన్‌కి. 1తో మాత్రం ఏ గదీ మొదలవకూడదు, 100, 101, 108, 112 అన్నీ అక్కడే ఉన్నాయి.

సొంత బిల్డింగులో మూడంకెలే నొక్కుతాం అని స్టాఫ్ అడుగుతారు, ఒప్పుకోకండి. 410 ఒకటి, 4101 ఒకటి ఉంటే 410 నొక్కాక ఇంకో అంకె వస్తుందేమో అని ఎక్స్ఛేంజీ కొన్ని సెకన్లు ఎదురుచూస్తుంది, అవతల గెస్టేమో ఫోను చెడిపోయిందనుకుని పెట్టేస్తాడు.

ఇంకో ముఖ్యమైన మాట. ముందు 0 నొక్కినా నొక్కకపోయినా 112 నేరుగా బయటికి పోవాలి, అదీ ఆ బ్రాంచి సొంత లైను మీదే. చిత్తూరు గదిలో ఎవరికో గుండెనొప్పి వచ్చి 112 కొడితే, ఆ కాల్ లింకు మీదుగా తిరుపతికి వచ్చి 0877 నంబరు మీద బయటికి పోయిందంటే అంబులెన్సు ఎక్కడికి పంపాలో వాళ్ళకెలా తెలుస్తుంది? అలాగే చిత్తూరు నుంచి వచ్చిన కాల్‌ని తిరుపతి లైను మీద బయటికి వదిలి ఛార్జీలు మిగుల్చుకుందాం అని ఎవరన్నా సలహా ఇస్తే వినొద్దు, దాన్ని టోల్ బైపాస్ అంటారు, టెలికాం నిబంధనలతో వచ్చే తలనొప్పి అది. అనుమానముంటే లైను ఇచ్చిన కంపెనీని రాతపూర్వకంగా అడగండి.

రూట్లు రాసేటప్పుడు ఒక్క జాగ్రత్త. నేను ఒకచోట రెండు ఎక్స్ఛేంజీలు కలిపినప్పుడు, తెలియని నంబరు ఏదొచ్చినా అవతలికి పంపు అని రెండువైపులా రాసేశాను. ఒక శనివారం పొద్దున ఎవరో 5999 కొట్టారు, అలాంటి గదే లేదు, ఇది దానికి పంపింది, అది దీనికి పంపింది, నిమిషంలో కాల్స్ పోయే ఛానళ్ళన్నీ నిండిపోయి ఎవరు ఫోనెత్తినా ఎంగేజ్. సిప్‌లో కాల్ ఎన్ని మజిలీలు దాటొచ్చో ఒక లెక్క ఉంటుంది, మామూలుగా 70, కానీ కొన్ని ఎక్స్ఛేంజీలు కాల్‌ని కొత్తగా పుట్టించి పంపుతాయి కాబట్టి ఆ లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. అందుకే 3తో మొదలయ్యే నాలుగంకెలు రేణిగుంట రోడ్డుకి, 5తో అయితే చిత్తూరుకి, ఇలా విడివిడిగా రాయండి. మిగతాదేదైనా అక్కడే ఆగిపోవాలి.

ప్రశ్న: గదుల్లో పాత ఫోన్లు, పాత వైర్లు మార్చాల్సిందేనా?

జవాబు: అక్కర్లేదు. పాత ఫోన్లని ఐపీ ఎక్స్ఛేంజీకి కలిపే ఎఫ్ఎక్స్ఎస్ గేట్‌వేలు 24, 32 పోర్టులవి దొరుకుతాయి, ఇప్పుడున్న క్రోన్ బాక్సు (గదుల వైర్లన్నీ వచ్చి చేరే పెట్టె) నుంచి జంపర్లు (చిన్న వైర్లు) తీసి వాటిలో కలిపితే గది ఫోన్లు అలాగే పనిచేస్తాయి. ఐపీ ఫోన్లు రిసెప్షన్‌కి, ఆఫీసుకి చాలు. క్రోన్ బాక్సుకి ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో మాత్రం చూపించండి, మన దగ్గర అక్టోబరు, నవంబరుల్లో ఉరుములు మెరుపులతో వచ్చే వానకి బయటి రాగి లైనులోంచి సర్జ్ (ఒక్కసారిగా పెరిగే వోల్టేజీ) వచ్చి కార్డులు కాలిపోతుంటాయి. ప్రతి వైర్ల జతకీ ప్రొటెక్టర్ వేయించండి.

ప్రశ్న: మాకు రెండు షాపులు ఇలాగే కలిపారు. పొద్దున బానే ఉంటుంది, సాయంత్రమైతే గొంతు ముక్కలు ముక్కలుగా వినిపిస్తోంది. నెట్ స్పీడు పెంచుకోమంటున్నారు.
— ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: స్పీడు కాదు మీ సమస్య. జి.711లో (మాటని డేటాగా మార్చే మామూలు పద్ధతి) ఒక కాల్‌కి ఒక్కోవైపు సుమారు 87 కేబీపీఎస్ పడుతుంది, విపిఎన్ (నెట్ మీద రెండు చోట్ల మధ్య వేసుకునే సొంత దారి) కలుపుకుని 100 అనుకున్నా పది కాల్స్‌కి ఒక ఎంబీపీఎస్. సాయంత్రం అదే లైను మీద కస్టమర్ల వైఫై నడుస్తుంటుంది, సీసీ కెమెరాలు క్లౌడ్‌కి ఎక్కిస్తుంటాయి, మాట ప్యాకెట్లు వాటి వెనక క్యూలో నిలబడి ఒకటి ముందు ఒకటి వెనక చేరతాయి, అదే ముక్కలవ్వడం. ఫోన్లకి వేరే విల్యాన్ (అదే వైర్ల మీద విడిగా నడిచే నెట్‌వర్క్) పెట్టించి, వాటి ప్యాకెట్లకి ముందు పంపమని చెప్పే డీఎస్‌సీపీ 46 మార్కు వేయించి, రూటర్లో అప్‌లోడ్ వైపు వాటికే ముందు దారి ఇమ్మనండి. ఒకవైపు మాటే వినిపించకపోతే రూటర్లో కాల్ ప్యాకెట్లని మధ్యలో మార్చే సిప్ ఏఎల్‌జీ ఆఫ్ చేసి చూడండి. సిప్ కాల్స్ వచ్చే 5060 పోర్టు ఇంటర్నెట్‌కి తెరిచి ఉంటే ఈరోజే మూయించి విపిఎన్ లోంచే నడపండి, తెరిచి ఉన్న ఎక్స్ఛేంజీని పట్టుకుని రాత్రిపూట విదేశాలకి కాల్స్ చేసేస్తారు, బిల్లు మీకొస్తుంది. ఎక్స్‌టెన్షన్ 201కి పాస్‌వర్డ్ కూడా 201 అని పెట్టి ఉంటే అదీ ఈరోజే మార్చేయండి.