పాఠం పరిగెడుతుంటే పెన్ను ఏం చెయ్యాలి

చి. బుజ్జికి అత్త ఆశీర్వదించి వ్రాయునది,

(మా నాన్న ఉత్తరాలు ఇలాగే మొదలయ్యేవి, అందుకని. ఇక్కణ్ణుంచి మామూలుగానే రాస్తాలే.)

మొన్న రాత్రి ఫోన్లో “వింటే రాయలేను, రాస్తే వినలేను అత్తా” అన్నావు. అనాటమీ క్లాసు అయ్యేసరికి నోట్సులో సగం వాక్యాలకు తోకలుండవనీ, ఇంటర్ దాకా తెలుగు మీడియం కావడమే నీ ఖర్మ అనీ అన్నావు. డాక్టరు చదువు గురించి నాకేం తెలీదు. కానీ ఒకళ్ళు మాట్లాడుతుంటే కాగితం మీదకు దింపడం నా బతుకుతెరువు. ముప్పై ఏళ్లు కోర్టులో స్టెనోగా చేశాను కదా.

ముందు లెక్క చూడు. మామూలు రాతలో ఎవరి చెయ్యయినా నిమిషానికి 20, 25 ఇంగ్లిషు మాటలు రాస్తుంది. మాట్లాడే మనిషి తేలిగ్గా 100 దాటిపోతాడు. మాకు షార్ట్‌హ్యాండు లోయరు పరీక్షకు 80, హయ్యరుకు 120. అది కూడా గీతలూ చుక్కలూ కాబట్టి. నువ్వు అక్షరాలతో ఆ పందెంలోకి దిగుతున్నావు, అదీ గొడవ. మేడమ్ చెప్పిన వాక్యాన్ని వాక్యంగా రాయడం ఇవాళే మానెయ్.

తెలుగు మీడియం సంగతి. పిట్‌మన్ అనే ఇంగ్లిషు బడిపంతులు 1837లో తన షార్ట్‌హ్యాండు పుస్తకం అచ్చేసినప్పుడు దానికి పెట్టుకున్న సూత్రం ఒకటే: స్పెల్లింగు వదిలెయ్, చెవికి తగిలిందే రాయి. మా మాస్టారు మొదటి నెలంతా మాచేత స్పెల్లింగు మరిపించడానికే నానా తంటాలు పడ్డారు. నీకు ఆ తంటా లేదు. మన తెలుగు లిపే ధ్వనిని బట్టి రాసేది! ‘స్టెర్నోక్లైడోమాస్టాయిడ్’ అని వినపడగానే స్పెల్లింగు వెతుక్కుంటూ ఆగిపోకు, తెలుగులో గీకెయ్. స్పెల్లింగు సాయంత్రం చూసుకోవచ్చు. మొన్న నువ్వు ‘సోయాస్’ కండరం ఇండెక్సులో ఎస్ కింద వెతికి వెతికి చివరికి పీ దగ్గర దొరికిందని నవ్వావే, అలా దొరికిన మాట జన్మలో మర్చిపోవు.

నువ్వు ఫోన్లో చదివిన వాక్యం ఒకటి అలవాటు కొద్దీ నేనూ పెన్సిలు అందుకుని రాశాను. మస్క్యులోక్యుటేనియస్ నరం, మెడ దగ్గర సి 5, 6, 7 అనే నరాల వేళ్లది, ల్యాటరల్ కార్డు అనే నరాల కట్ట నుంచి పుడుతుందనీ, కొరాకోబ్రేకియాలిస్ కండరాన్ని చీల్చుకుని వెళ్తుందనీ, దానికీ బైసెప్స్‌కీ బ్రేకియాలిస్‌కీ కొమ్మలిస్తుందనీ, చివరికి ముంజేతి బయటివైపు చర్మానికి చేరుతుందనీ. నువ్వు నాలుగు లైన్లు రాశావు. నా కాగితం మీద ఉన్నది ఇంతే:

ల్యాట్ కా → మక్యు (సి 5 6 7) → కొరా చీల్చి → కొరా, బై, బ్రే → ముం. చర్మం, బయటివైపు

క్రియలన్నీ బాణాలు మింగేశాయి. ‘చీల్చి’ మాత్రం ఉంచాను, ఎందుకంటే ఆ నరం ప్రత్యేకతే అదని నువ్వే అన్నావు. ‘మక్యు’ లాంటి పొట్టి పేర్లు క్లాసులో కూర్చుని కనిపెట్టేవి కావు. నేను బెంచి దగ్గరికి వెళ్లేముందు కాజ్ లిస్టు, అంటే ఆ రోజు కేసుల జాబితా చూసి, కట్టలు విప్పి, కక్షిదారుల పేర్లకీ సెక్షన్లకీ గుర్తులు తయారుచేసుకునేదాన్ని. నువ్వూ ముందు రోజు రాత్రి ఒక పావుగంట పాఠంలో బొమ్మలూ హెడ్డింగులూ చూడు. చేతికి వెళ్లే నరాల అల్లిక, బ్రేకియల్ ప్లెక్సస్ ఉందనుకో, అయిదు వేళ్లు (రూట్సు), మూడు ట్రంకులు, ఆరు డివిజన్లు, మూడు కార్డులు, ఇదంతా పెన్సిలుతో పల్చగా గీసుకుని వెళ్లు. మేడమ్ బోర్డు మీద గీస్తుంటే నువ్వు పేర్లు పెట్టుకుంటూ వింటావు.

అయితే కుదించకూడనివీ ఉన్నాయి. పిట్‌మన్‌లో ‘ఆర్ నాట్’ అంటే ఒక గీత, దాని చివర చిన్న కొక్కెం. కొత్తలో ఒక ఆర్డరులో ఆ కొక్కెం నా పెన్సిలు కింద పడలేదు. ‘అర్హులు కారు’ కాస్తా ‘అర్హులు’ అయి కూర్చుంది. సంతకం పెట్టేముందు జడ్జిగారు చదువుకున్నారు కాబట్టి సరిపోయింది. ఆయన ఒక్క మాటా అనలేదు, ఆ మాట కింద ఎర్రగీత గీసి కాగితం నా వైపు తోశారు. ఆ రోజు అన్నం సయించలేదు. అందుకే చెప్తున్నా: కాదు, లేదు, తప్ప, కుడి, ఎడమ, లోపల, బయట, అంకెలు, వీటిని ఎంత తొందరలోనైనా పూర్తిగా రాయి.

మాట జారిపోయిందా, రెండు లైన్లు ఖాళీ వదిలి ముందుకు సాగు. పక్కమ్మాయిని “ఏమన్నారే?” అని అడిగితే ఆ అమ్మాయిదీ పోతుంది. బెల్లు కొట్టాక ఇద్దరూ పుస్తకాలు మార్చుకోండి, నీ ఖాళీలు తన దగ్గర ఉంటాయి, తనవి నీ దగ్గర. స్లైడ్ల ఫోటోలంటావా, తీసుకో, కానీ గ్యాలరీలో పెళ్లి ఫోటోల మధ్య పడి ఉండటమే వాటి గతి.

అసలు పని సాయంత్రం ఉంది. చల్లారిన నోట్సు చదవడం మా స్టెనోలకే చేతకాదు. పొద్దున తీసుకున్న డిక్టేషను మూడో రోజు చూస్తే నా గీతలు నాకే కోడికాళ్లలా ఉండేవి. కాబట్టి పడుకునేలోపు వేరే రంగు ఇంకుతో ఖాళీలు పూరించి, స్పెల్లింగులు సరిచేసి, మార్జిన్‌లో “దీన్నే అడుగుతారు” అనిపించిన ప్రశ్న ఒకటో రెండో రాసుకో. అంతే, ఇరవై నిమిషాలు. ఫెయిర్ కాపీ మాత్రం రాయకు. రంగు పెన్నులతో అందంగా తిరగరాసి చదివేశామనుకునే పిల్లల్ని చాలామందిని చూశాను, మీ నాన్నతో సహా.

ఇదంతా వారంలో రాదు, మొదటి పది రోజులు ఇంకా చిందరవందరగా ఉంటుంది కూడా. దసరాకి వచ్చేటప్పుడు ఆ ఫిజియాలజీ పుస్తకం పట్టుకురా. నేను చదువుతాను, నువ్వు రాద్దువుగాని. నిమిషానికి 60తో మొదలుపెడదాం. నాకు ఆ పేర్లు నోరు తిరగవు కాబట్టి నీకే కాస్త టైము దొరుకుతుంది.

ఇట్లు,
మీ అత్త